గుండుకు తగిన మందు

కోనసీమలో వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోటికి చేరువగా బెండమూర్లంక అనే గ్రామమున్నది. పదునెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారికి అక్కడ ఒక వర్తకస్థానం ఉండేది. గోదావరి పాయలవెంట నేతగాండ్ర ఊళ్లలో బట్టలు సేకరించి ఓడలకెక్కించుటకు వారు ఇటువంటి స్థానాలు మూడు పెట్టుకొన్నారు: యానాం దగ్గర ఇంజరం, నరసాపురం దగ్గర మాధవాయిపాలెం, ఈ రెంటి నడుమ బెండమూర్లంక. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడింటినీ పట్టుకొని, ఆపైన విశాఖపట్నాన్ని కూడా వశపరచుకొన్నాడు. ఒకటిన్నర సంవత్సరం గడవకముందే, 1758 డిసెంబరులో, పిఠాపురానికి సమీపాన చందుర్తివద్ద జరిగిన యుద్ధంలో ఈ లెక్క తారుమారైనది.

విజయనగర ప్రభువు ఆనందరాజు ఫ్రెంచివారిపై తిరగబడి ఇంగ్లీషువారి సాయం కోరగా, కర్నల్ ఫోర్డ్ బెంగాలునుండి ఓడలమీద వచ్చాడు. అతని వెంట సుమారు 470 మంది ఐరోపా సైనికులు, 1,900 మంది సిపాయీలు ఉన్నారు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ పక్షాన సుమారు 500 మంది ఐరోపావారు, 6,000 మంది సిపాయీలు, ఇంగ్లీషువారికంటె ఎన్నోరెట్లు ఎక్కువ ఫిరంగులు ఉన్నవి. యుద్ధరంగంలో ఇంగ్లీషు పటాలం ఎత్తుగా పెరిగిన చేను చాటున పడుటచే ఫ్రెంచివారికి కానరాలేదు. దాని పక్కన ఎర్రకోట్లు తొడిగిన సిపాయీలు మాత్రం కనిపించారు. వారే ఇంగ్లీషు సోల్జర్లని భ్రమపడి ఫ్రెంచి పటాలం వారిమీదికి నడిచింది. సిపాయీలు వెనుకకు తగ్గగా, వరుస చెదరి తరుముతూ వచ్చిన ఫ్రెంచివారి ప్రక్కభాగం చేనుచాటున ఉన్నవారి ఎదుట పడినది. దగ్గరనుండి ఒక్కుమ్మడిగా పేలిన తుపాకులతో యుద్ధం తేలిపోయింది. 1759 ఏప్రిలులో మచిలీపట్నం కోట ఫోర్డ్ చేతికి చిక్కింది. తరువాత 1765 నాటి మొగలు ఫర్మానాతోను, 1766లో నిజాముతో చేసికొన్న సంధితోను, గుంటూరు మినహా ఉత్తర సర్కారులన్నీ, వాటితోపాటే కోనసీమ, కంపెనీ పాలయినవి.

చరిత్ర పుస్తకాలు సాధారణంగా ఎర్రకోట్ల పొరపాటు చెప్పి ముందుకు సాగిపోతాయి. విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థికి మరొక ప్రశ్న తోచవలె. ఇరువైపులా వేలకొలది తుపాకులు ఉండగా, శత్రువు అంత దగ్గరకు వచ్చేదాకా అవి ఎందుకు పనికిరాలేదు? మనుషులను వరుసలుగా నిలబెట్టి, గురి ఎంచకుండా, అందరిచేతా ఒక్కసారిగా ఎందుకు కాల్పించవలసి వచ్చింది?

ఆనాటి తుపాకిని మూతిలోనుంచి దట్టించేవారు. మొదట కొలిచిన మందును గొట్టంలో పోయవలె. దానిపై సీసపుగుండు వేసి, ఇనుపకడ్డీతో అడుగుదాకా దట్టించవలె. గొట్టం పక్కన చిన్న గిన్నెలో మరికొంత మందు ఉంటుంది. దానినే రంజకం అంటారు. మీట నొక్కగానే చెకుముకిరాయి ఉక్కుమీద గీరుకొని నిప్పురవ్వలు రంజకంమీద రాలుతవి. ఆ మంట చిన్న రంధ్రంగుండా లోపలి మందుకు సోకుతుంది. అంతకు ముందటి తుపాకులకు చెకుముకిరాయి కూడా లేదు. జామగీ అనే నిప్పుతాటిని రంజకానికి తగిలించి పేల్చేవారు.

ఇంగ్లీషు సైనికుల తుపాకిగొట్టం లోపలి వ్యాసం అంగుళంలో నూటికి 75 పాళ్లు. అందులో వేసే గుండు వ్యాసం మాత్రం సుమారు 69 పాళ్లు. అనగా గుండుకు గొట్టానికి నడుమ అంగుళంలో నూటికి ఆరుపాళ్ల సందు మిగిలేది. ఇది పనివాండ్ర చేతకానితనం కాదు. కావాలని విడిచిన సందే. యుద్ధంలో సైనికుడు నిమిషానికి రెండు మూడు సార్లు కాల్చవలె. గుండు బిగువుగా ఉంటే కాసేపటికి లోనికి దిగదు. వదులుగా ఉంటే దానంతట అదే జారి అడుగుకు పోతుంది. కాని ఆ సందులోనుండి మందువాయువు కొంత వృథాగా తప్పించుకొని పోతుంది. గుండు గొట్టంలో ఆ గోడకూ ఈ గోడకూ కొట్టుకొంటూ బయలుదేరి, చివర ఏ గోడకు తగిలినదో దానికి వ్యతిరేకదిశగా వాలి బయటపడుతుంది. జార్జి హాంగర్ అనే ఇంగ్లీషు సైనికోద్యోగి 1814లో వ్రాసినదాని ప్రకారం, సాధారణ సైనికుని తుపాకి 80 గజాల దూరంలోని మనిషిని కొట్టవచ్చు, ఒక్కొక్కప్పుడు 100 గజాలు. 200 గజాల దూరంనుండి ఒకనిని గురిచూచి కాల్చుట ఆశలేని పని. చందుర్తినాటి తుపాకి ఇంతకంటె మెరుగైనది కాదు.

గురి తప్పుటకు మందు చాలకపోవుటే కారణమని చాలాకాలం చాలామంది నమ్మినారు. మందు పెంచితే గుండు వడిగా పోతుంది, వడిగా పోతే తిన్నగా పోతుంది అనే ఊహ సహజమైనదే. ఈ ఊహను పరీక్షకు పెట్టినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితశాస్త్రజ్ఞుడు. 1742లో ఇతడు తుపాకిశాస్త్రపు నూతన సూత్రాలను వివరిస్తూ ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. మూడేండ్లలో ఆయిలర్ అంతటి గణితవేత్త దానిని జర్మనుభాషలోకి అనువదించి, మూలాన్ని మించిన వ్యాఖ్యానం చేర్చాడు. రాబిన్స్ తన జీవితపు చివరి సంవత్సరం మన తీరంలోనే గడిపాడు. కంపెనీవారి కోటలు పటిష్ఠం చేయుటకై 1750లో వచ్చి, 1751 జూలై 29న కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 44 ఏండ్లు.

గుండు వేగాన్ని కొలుచుటకు రాబిన్స్ వాడిన సాధనం ఒక లోలకం. సెకనుకు వేయి అడుగులు దాటిపోయే వస్తువును కంటితో చూడలేము. ఆనాటి గడియారాలతో ఆ కాలాన్ని కొలువనూ లేము. అందువల్ల అతడు వేగాన్ని తగ్గించి కొలిచాడు. బరువైన కొయ్యదిమ్మెను ఇనుపచట్రానికి వ్రేలాడదీసి, దానిలోనికి గుండును కాల్చాడు. గుండు దిమ్మెలో దిగబడి, దానితో కలిసి మెల్లగా ఊగుతుంది. దిమ్మెకు కట్టిన పట్టీ ఎంత జారినదో చూస్తే ఎంత ఊగినదో తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసికొందాము. గుండు బరువు పౌనులో పండ్రెండవ వంతు, దిమ్మె బరువు 50 పౌనులు అనుకొంటే, గుండుకంటె దిమ్మె 600 రెట్లు బరువు. తాకిడికి ముందున్న ద్రవ్యవేగమే తరువాత కూడా ఉండవలె గనుక, రెండూ కలిసి కదిలే వేగం గుండు తొలివేగంలో 601వ వంతు అవుతుంది. గుండు సెకనుకు 1,670 అడుగుల వేగంతో వస్తే దిమ్మె సుమారు 2.78 అడుగుల వేగంతో కదులుతుంది. ఆ వేగపు వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెండింతలైన 64తో భాగిస్తే దిమ్మె లేచే ఎత్తు వస్తుంది: సుమారు 0.12 అడుగు, అనగా అంగుళంన్నరకు కొంచెం తక్కువ. అంగుళంన్నర ఎత్తును కొలవగల బడిపిల్లవాడు తుపాకిగుండు వేగాన్ని కొలవగలడు. ఈ ప్రయోగపు అందమంతా ఇందులోనే ఉన్నది. నేటికీ భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాలలో ఈ లోలకానికి చోటున్నది.

పైన ఉదాహరణలో వాడిన 1,670 అడుగుల వేగం ఊహించినది కాదు; ముప్పావు అంగుళం వ్యాసంగల సీసపుగుండును మందుతో బాగా దట్టించి కాల్చినప్పుడు రాబిన్స్ పొందిన విలువ ఇంచుమించు అదే. లోలకాన్ని తుపాకికి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి నిలిపి కాల్చగా, దూరం పోయేసరికి గుండు ఎంత వేగం కోల్పోయినదీ తెలిసింది. ఫలితం చూచి అతడే ఆశ్చర్యపడి ఉండవలె. అంత వేగంతో పోయే గుండును గాలి దాని బరువుకు సుమారు 120 రెట్ల బలంతో వెనుకకు నెడుతున్నది. ఆ నిరోధం అట్లే నిలిచి ఉంటే, సెకనులో పదవవంతు కాలంలోనే గుండు 380 అడుగులకు పైగా వేగం పోగొట్టుకొంటుంది. అంతకు ముందు తుపాకిపని వ్రాసినవారిలో అనేకులు గాలి పలుచనిది గనుక దానిని లెక్కచేయనక్కరలేదని అనుకొన్నారు. ఇంకొక విశేషం కూడా అతని కంటబడినది. గుండువేగం ధ్వనివేగాన్ని, అనగా సెకనుకు సుమారు 1,100 అడుగులను, దాటేసరికి గాలినిరోధం ఒక్కసారిగా మునుపటి లెక్కకు అందనంతగా పెరుగుతున్నది. నేడు ధ్వనిని మించిన వేగంతో పోయే విమానాల విషయంలో ఇంజనీర్లు ఎదుర్కొనే చిక్కును రాబిన్స్ కొయ్యదిమ్మెతో పసిగట్టాడు.

దీనితో మందు పెంచాలనే ఊహకు మొదటి దెబ్బ తగిలింది. అదనంగా పోసిన మందు గుండుకు అదనపు వేగం కొంత ఇచ్చిన మాట నిజమే. కాని ఆ వేగాన్ని మొదటి నూరుగజాల గాలే మింగివేస్తుంది. మిగిలేది సైనికుని భుజానికి తగిలే తన్ను. మందు మరీ ఎక్కువైతే కొంతభాగం గొట్టంలో కాలేలోపలే గుండు బయటపడుతుంది. ఆ మందు మూతి బయట మంటగా మండి వ్యర్థమవుతుంది.

రెండవ దెబ్బ ఇంకా లోతైనది. గుండు పక్కలకు ఎందుకు వంగుతున్నది? రాబిన్స్ పలుచని కాగితపు తెరలను వరుసగా నిలిపి, వాటిగుండా కాల్చి, రంధ్రాలనుబట్టి గుండు దారి గీచాడు. ఆ దారి ఒకే నిలువుతలంలో ఉండక, పోనుపోను ఏదో ఒక పక్కకు ఎక్కువగా వంగుతున్నది. గొట్టపు గోడను రాచుకొని వచ్చుటవల్ల గుండు తిరుగుతున్నదనీ, తిరిగే గుండుకు గాలి రెండు పక్కల సమానంగా తగలదనీ అతడు ఊహించాడు. ఊహ సరియైనదో కాదో తేల్చుటకు ఒక గొట్టపు మూతిని ఎడమపక్కకు కొద్దిగా వంచి కాల్చాడు. గుండు ఎడమకు బయలుదేరవలె. కాని వంపులో కుడిగోడను రాచుకొనుటచే అది ఒక దిశగా తిరుగుతుంది గనుక, ఆ తిరుగుడు దానిని చివరకు కుడికి లాగవలె. అట్లే జరిగింది. దగ్గరి తెరలలో ఎడమ పక్కన రంధ్రాలు పడినవి. దూరపు గోడమీద గుండు కుడి పక్కన తగిలింది. చూచేవారికి గారడివలె తోచే ఈ ఫలితాన్ని అతడు ముందుగా చెప్పి మరీ చూపాడు. క్రికెట్టు బంతిని తిప్పి వేసే ఆటగాడు నేడు వాడుకొనేది ఈ సంగతినే. దీనికి తరువాతి శతాబ్దపు మాగ్నస్ పేరు అంటుకొన్నది గాని, న్యాయంగా రాబిన్స్ పేరు కూడా చేరవలసినది.

కావున తప్పు మందుది కాదు, సందుది. సందున్నంతకాలం గుండు తన ఇష్టం వచ్చిన దిశలో తిరుగుతుంది. ఆ తిరుగుడును ఎవరూ ముందుగా చెప్పలేరు. దానిని ఆపుట సాధ్యం కాదు. ఒక క్రమంలో పెట్టుట సాధ్యం. గొట్టం లోపల మెలిగా గాళ్లు తొలిచి, గుండును వాటికి బిగించి పంపితే, అది పోయే దారినే ఇరుసుగా చేసికొని బొంగరంవలె తిరుగుతుంది. అప్పుడు గాలి ఏ పక్కకూ లాగదు. ఇటువంటి రైఫిళ్లు ఐరోపా వేటగాండ్రవద్ద అప్పటికే ఉండేవి. అవి ఎందుకు బాగా పనిచేస్తున్నవో మొదట వివరించినవాడు రాబిన్స్. 1747లో అతడు మరొక అడుగు వేసి, వీటి తత్త్వం గ్రహించి తన సైన్యానికి ఇచ్చిన రాజ్యానికి మిగిలినవారిపై గొప్ప ఆధిక్యం దక్కునని చెప్పాడు. చందుర్తిలో పోరాడిన రెండు రాజ్యాలలో ఏదీ ఆ మాట చెవిని పెట్టలేదు.

చెవిని పెట్టకపోవుటకు కారణం లేకపోలేదు. ఆ కారణం నల్లమందు స్వభావంలోనే ఉన్నది. మందులో ముప్పాతిక భాగం సురేకారం; మిగిలినది బొగ్గు, గంధకం. పదునేడవ శతాబ్దపు తొలిభాగంలో డచ్చివారు కోరమాండల్ తీరంనుండి సురేకారం కొని ఓడలకెక్కించేవారు. పులికాట్ కోటలో మందు తయారు చేసేవారు. పిమ్మట బీహారు సురేకారం దీనిని వెనుకకు నెట్టినది. ఈ మందు కాలినప్పుడు అంతా వాయువుగా మారితే బాధ లేకపోయేది. 1875లో నోబుల్, ఏబెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మూసిన ఉక్కుపాత్రలో మందును కాల్చి తూచగా, బరువులో సుమారు 43 పాళ్లు మాత్రమే వాయువుగాను, 57 పాళ్లు ఘనపదార్థంగాను తేలినవి. గొట్టంలో పట్టే కిట్టం అదే. అందులో ముఖ్యమైన పొటాసియం కార్బొనేట్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. పొడిగాలిలో కిట్టం పెంకువలె గట్టిపడుతుంది. తడిగాలిలో జిగురుముద్ద అవుతుంది. కోనసీమవంటి లంకసీమలో, శ్రావణమాసపు ముసురులో, రెండవ అవస్థ ఎక్కువ. మందులోని సురేకారం ఉప్పు కలిసినదైతే మందే తేమ పీల్చి, ఒకసారి పేలినట్లు మరొకసారి పేలదు. 1757 జూన్ 23న ప్లాసీలో వాన కురిసినప్పుడు నవాబు సైన్యపు మందు తడిసిపోగా, క్లైవు మనుషులు తమ మందును కప్పి దాచుకొన్నారన్న సంగతి అందరూ ఎరిగినదే.

ఇట్టి కిట్టంతో గాళ్ల గొట్టం పూడిపోతుంది. వేటగాడు గుండుకు నూనె పూసిన గుడ్డపేలిక చుట్టి, నెమ్మదిగా కొట్టి దింపుకొనేవాడు. పేలిక సందును మూస్తుంది, గాళ్లను పట్టుకొంటుంది, కిట్టాన్ని మెత్తబరుస్తుంది. కాని అంత తీరిక పటాలంలోని సైనికునికి ఎక్కడిది?

తన తుపాకికి తగిన మందును వేటగాడు ఎట్లు కనుగొనేవాడో తెలిసికొనదగినది. మనదేశపు వేటగాండ్రలో వ్రేళ్ల కొలత ఉండేది. దట్టించిన తరువాత కడ్డీ మూతి బయటకు ఎన్ని వ్రేళ్లు మిగిలినదో చూచి, ఈ జంతువుకు ఇన్ని వ్రేళ్లు అని నిశ్చయించేవారు. ఈ కొలతలో ఒక లోపమున్నది. మందు ఎక్కువైనా కడ్డీ పైకి లేస్తుంది, దట్టింపు వదులైనా లేస్తుంది. ఏది మారినదో కొలత చెప్పదు. ఓపికగలవారు చేసే పని వేరు. తుపాకిని ఆనించి కదలకుండా పెట్టి, ఒకే మందు, ఒకే గుండు, ఒకే పేలిక, ఒకే బలంతో దట్టించి, ఒకే గురికి పలుమార్లు కాల్చేవారు. రంధ్రాలు గురికి దూరంగా పడినా ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఆ మేళవింపు మంచిదే. గురిపుల్లను జరిపితే సరిపోతుంది. రంధ్రాలు చెదరి పడితే మందు కొద్దిగా మార్చి మళ్లీ కాల్చవలె. మందు, గుండు, పేలిక మూడింటినీ ఒక్కసారి మార్చినవానికి ఏమీ తెలియదు. తక్కువ మందునుండి పోనుపోను పెంచగా చాలా తుపాకులలో ఒక మోతాదు వద్ద రంధ్రాలు గుమిగూడుతవి. దానిని దాటి పెంచితే మళ్లీ చెదురుతవి. రైఫిలులో మందు మితిమీరితే మెత్తని సీసం గాళ్లను పట్టుకొనలేక, వాటిని కోసుకొని తిన్నగా దూసుకొనిపోతుంది. అప్పుడు గాళ్లున్నా లేనట్లే.

సైనికునికి పనికివచ్చే రైఫిలు కావాలంటే గుండు వదులుగా దిగవలె, బిగువుగా రావలె. ఒకే గుండు రెండు కొలతలలో ఉండుట ఎట్లు? ఈ చిక్కుముడికి దారి చూపినది దక్షిణభారతదేశమే అని చెబుతారు. కెప్టెన్ నార్టన్ అనే ఇంగ్లీషు అధికారి 1820 ప్రాంతాలలో ఇక్కడ పనిచేస్తూ, స్థానికులు గొట్టంలో ఉంచి నోటితో ఊదే బాణాలను పరిశీలించాడు. బాణం అడుగున మెత్తని బెండు ఉన్నది. ఊదినప్పుడు ఆ బెండు ఉబ్బి గొట్టానికి అంటుకొని, ఊపిరి పక్కలనుండి పోకుండా ఆపుతున్నది. నార్టన్ సీసపుగుండును పొడుగుగా, మొన కోసుగా చేసి, అడుగున గుంట తొలిచాడు. మందు పేలినప్పుడు వాయువు ఆ గుంట అంచులను విప్పి గాళ్లకు అదుముతుంది. ఇంగ్లాండులోని అధికారులు దానిని త్రోసిపుచ్చారు. 1849లో ఫ్రెంచి కెప్టెన్ మీనియే ఇదే సూత్రంతో గుండు చేయగా, ఇంగ్లీషు ప్రభుత్వం అతనికి 20,000 పౌన్లు చెల్లించి తీసికొన్నది. బెండు బాణం చేసినవాని పేరు ఎక్కడా లేదు.

మీనియే సూత్రంమీద ఇంగ్లీషువారు 1853లో ఎన్‌ఫీల్డు రైఫిలు నిర్మించారు. దీనిలో మందు, గుండు లెక్కలను పాత తుపాకి లెక్కలతో పోల్చి చూడదగును. ఇంగ్లీషు పౌనుకు 7,000 గ్రెయిన్లు. పదిహేనున్నర గ్రెయిన్లు సుమారు ఒక గ్రాము. పాత తుపాకిలో గుండు సుమారు 490 గ్రెయిన్లు, మందు రంజకంతో సహా సుమారు 165 గ్రెయిన్లు, అనగా గుండు బరువులో మూడవ వంతు. ఎన్‌ఫీల్డులో గుండు 530 గ్రెయిన్లు, మందు 68 గ్రెయిన్లు. ఎనిమిదవ వంతు మాత్రమే. మందు సగానికంటె తగ్గినది, గుండు బరువు పెరిగినది. గురిపలకపై గుర్తులు మాత్రం 900 గజాలదాకా ఉన్నవి. వాయువు పక్కలకు పోదు గనుక కొంచెం మందే చాలినది. గుండు సన్నగా పొడుగుగా ఉన్నది గనుక బరువుకు తగినంత గాలినిరోధం దానికి తగలదు. రాబిన్స్ లోలకం చెప్పిన పాఠాన్ని సైన్యం వినుటకు నూరేండ్లు పైగా పట్టింది.

ఆ పాఠాన్ని చివరిదాకా చదివినవాడు జోసెఫ్ విట్‌వర్త్ అనే యంత్రనిర్మాత. ప్రభుత్వం కోరగా ఇతడు మాంచెస్టరు దగ్గర తన ఇంటి ఆవరణలో 500 గజాల పొడవున కప్పుగల దారి కట్టి, గాలివాటు తగలకుండా, ఒక్కొక్క అంశాన్నే మార్చుతూ ఏండ్లతరబడి కాల్చి చూచాడు: గాళ్ల మెలి ఎంత ఉండవలె, గొట్టం వ్యాసం ఎంత, గుండు పొడవెంత. 1857 నాటి పోటీలో 500 గజాలవద్ద ఎన్‌ఫీల్డు గుండ్లు సగటున సుమారు 27 అంగుళాలు చెదరగా, అతని ఆరుపలకల గొట్టపు గుండ్లు సుమారు నాలుగున్నర అంగుళాలు మాత్రమే చెదరినవి. అయినా సైన్యం దానిని ఎన్నుకొనలేదు. వెల ఎక్కువ; సన్నని గొట్టంలో కిట్టం త్వరగా పట్టుతుంది.

ఎన్‌ఫీల్డుకు కూడా కిట్టపు బాధ తప్పలేదు. గొట్టం వ్యాసం అంగుళంలో వెయ్యింట 577 పాళ్లు, గుండు 568 పాళ్లు. పాత తుపాకిలో వెయ్యింట 60 పాళ్లున్న సందు ఇప్పుడు తొమ్మిది పాళ్లకు దిగింది. దానిని కూడా గుండుకు చుట్టిన కాగితం చాలవరకు నింపుతుంది. ఇంత బిగువులో గుండు దిగవలెనంటే, దిగి కిట్టాన్ని మెత్తబరచవలెనంటే, ఆ కాగితానికి కొవ్వు పూయక తప్పదు. మందు, గుండు రెండూ ఆ కాగితపు తూటాలోనే ఉంటవి. కవాతు నియమం ప్రకారం సైనికుడు తూటా కొనను పంటితో చించి మందు పోయవలె. ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అన్న వదంతి 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డండంలో పుట్టినది. కంపెనీ అధికారులు సిపాయీలు తమకు సమ్మతమైన పదార్థాన్ని బజారునుండి తెచ్చి తామే పూసికొనవచ్చునన్నారు. పంటితో కాక చేతితో చించవచ్చునన్నారు. అప్పటికే నమ్మకం పోయినది. మార్చి 29న బారక్‌పూరులో మంగళ్ పాండే, మే 10న మీరట్ పటాలాలు తిరగబడినవి. ఆ తిరుగుబాటుకు రాజ్యాలు పోయిన రాజులు, భూములు పోయిన రైతులు, అవమానాలు పడిన సిపాయీలు ఎన్నో కారణాలు ఇచ్చారు. నిప్పురవ్వ మాత్రం వెయ్యింట తొమ్మిది పాళ్ల సందులో పుట్టినది. ఉత్తరదేశపు జనం ఆ సిపాయీలను తిలంగాలని పిలిచేవారు. వారిలో తెలుగువారు లేకున్నా ఆ పేరు నిలిచినది. కంపెనీ తొలినాళ్లలో తెలుగుతీరంనుండి బెంగాలుకు ఓడలమీద పోయిన సిపాయీలు విడిచివచ్చిన పేరది.

తరువాత గుండు వ్యాసాన్ని వెయ్యింట 550 పాళ్లకు తగ్గించారు. 1866లో ఎన్‌ఫీల్డు గొట్టపు వెనుకభాగాన్ని కోసి, వెనుకనుండి తూటా పెట్టే ఏర్పాటు చేయుటతో మూతిలో దట్టించే కాలమే ముగియసాగింది. మందు ఎంత, గుండు ఎంత అన్నది ఇక సైనికుని చేతిలో లేదు. కార్ఖానా నిర్ణయించి లోహపు తూటాలో బిగించి పంపుతుంది. కాని ఈ నడుమ జరిగిన ఒక సంగతిని తుపాకులు సేకరించేవారు తప్ప పెద్దగా ఎవరూ చెప్పుకోరు. 1858 నుండి భారతీయ సిపాయీల కొరకు ఇంగ్లీషువారు ఒక ప్రత్యేకమైన తుపాకి చేయించారు. చూచుటకు అచ్చముగా ఎన్‌ఫీల్డే. అదే పొడవు, అదే కొయ్యపని. లోపల మాత్రం గాళ్లు లేవు. గొట్టాన్ని అంగుళంలో వెయ్యింట 656 పాళ్లకు నున్నగా తొలిచివేశారు. దూరాన్నిబట్టి ఎత్తి దించే గురిపలక తీసివేసి కదలని పుల్ల పెట్టారు. దూరంనుండి తగిలే తుపాకి తెల్లసోల్జరు చేతిలో, చందుర్తినాటి తుపాకి సిపాయీ చేతిలో ఉండేటట్లు చూచుకొన్నారు.